చిత్తడికి సున్నా

పోయినవారం మనం తక్కెడమ్మని ల్యాబులో తమ్ముడి ఎదురుగా నిలబెట్టి, తలుపుకి గడియ పెట్టించి వచ్చేశాం. పాపం, వారం నుంచీ ఆ అడిగిన ప్రశ్న పట్టుకుని అలాగే నిలబడి ఉంది. సంగతి మరిచిపోయినవాళ్ళకీ, ఇవాళే పత్రిక చేతిలోకి తీసుకున్నవాళ్ళకీ రెండు ముక్కల్లో చెప్పేసి కథలోకి వెళ్ళిపోతాను.

ఐదు ప్రాంతాలు. ప్రతి ప్రాంతంలోనూ నది పట్నాన్ని చేరేలోపల దాన్ని కడిగి పంపే తావు ఒకటి ఉంది. ఒకచోట కొండ అడవి, ఒకచోట రెల్లు సరస్సు, ఇంకోచోట గడ్డి మైదానం, అలాగన్నమాట. మన కథ జరిగే ప్రాంతంలో అది చిత్తడి. వీటిలో ఏది మనుషులకి ఎంత మేలు చేస్తోందో కొలిచి, పక్కపక్కన పెట్టి, వరస తేల్చడం తక్కెడమ్మ పనిచేసే ఆఫీసు బాధ్యత. పద్ధతి కష్టమైందేం కాదు. నీళ్ళు లోపలికి వెళ్ళేచోట ఒక సీసా పడతారు, బయటికి వచ్చేచోట ఒక సీసా పడతారు. రెండింటి మురికికీ మధ్య ఉన్న తేడాయే ఆ తావు చేసిన మేలు. ఎవరికి పుట్టిన బుద్ధో గానీ, వరసలో ఆఖరున నిలిచినదానికి ప్రభుత్వం కాపుదల తీసేస్తుంది. తీసేశాక ఏమవుతుందో వేరే చెప్పాలా? చిత్తడి మీద మట్టి పోసి గోడౌన్లు లేపడానికి అవతల లారీలవాళ్ళు కాచుకుని కూర్చున్నారు. ఎగువన బట్టలకి రంగులేసే మిల్లు కాలవ వచ్చి చిత్తడిలో కలుస్తుంది, దిగువ పట్నం తాగేది ఆ చిత్తడిలోంచి వచ్చిన నీళ్ళే.

తీరా పరీక్ష చేస్తే చిత్తడి సీసాలు రెండూ కవలపిల్లల్లా ఉన్నాయి. మురికిలో వీసమెత్తు తేడా లేదు. తేడా లేకపోతే మేలూ లేదు, చిత్తడికి సున్నా. ఆ నీళ్ళు పట్టి తెచ్చినవాడు ఎవరో కాదు, తక్కెడమ్మ సొంత తమ్ముడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఐదు ప్రాంతాలవాళ్ళూ వచ్చి కూర్చుంటారు. వాళ్ళ ముందు ఆ వరస కింద తక్కెడమ్మ సంతకం పెట్టాలి. అందుకే పొద్దున్నే తమ్ముణ్ణి లోపలికి పిలిచి గడియ పెట్టి అడిగింది.

"నిజం చెప్పరా. పడవెక్కి లోపలిదాకా వెళ్ళావా? లేకపోతే వంతెన మీద కూర్చుని రెండు సీసాలూ అక్కడే ముంచావా?"

తమ్ముడు ముందు నవ్వాడు. వాణ్ణి ఇంట్లో తుర్రు అంటారు. పని పేరు చెబితే తుర్రుమనే రకమని చిన్నప్పుడు పెట్టిన పేరు, ఉద్యోగం వచ్చినా పోలేదు. అక్కని ఆఫీసులో తక్కెడమ్మ అంటారు. కూరగాయలు తూచినట్టు ప్రతి మాటా తూచి గానీ బయటికి వదలదని. ఆవిడ ముఖం చూశాక వాడి నవ్వు సగంలో ఆగిపోయింది.

"వేళాకోళం ఆడుతున్నావా అక్కా?"

"నా ముఖం చూస్తే వేళాకోళంలా ఉందా?"

"అంటే, నేను వంతెన మీద ముంచేసి వచ్చానని నువ్వు నిజంగానే అనుకుంటున్నావన్నమాట."

"అనుకోవడం కాదు, అడుగుతున్నాను. వంతెన దాకా రోడ్డుంది, బండి పోతుంది. లోపలికి పోవాలంటే పడవ, బురద, జలగలు. రెండు సీసాలూ ఒకేలా వచ్చాయి. నువ్వైతే ఏమనుకుంటావు?"

"నేనైతే తమ్ముడు కదా అనుకుంటాను!"

గాజు సామాను కడిగే తొట్టి దగ్గర నీళ్ళ చప్పుడు ఆగింది. అక్కడ గాజుపిన్ని ఉంది. ఈ ల్యాబులో పరీక్షలన్నీ ఆవిడ చేతి మీదుగానే నడుస్తాయి. వరసకి ఎవరికీ పిన్ని కాదు గానీ అందరికీ పిన్నే. ఇద్దరూ తన వైపు చూసేసరికి, "నేను ఇక్కడ లేననుకోండి," అని మళ్ళీ కుళాయి తిప్పింది. సన్నగా తిప్పింది, మాటలు వినపడేంత సన్నగా.

"బడిలో వాన కొలత గుర్తుందా?" అంది తక్కెడమ్మ.

అనకూడని మాటే అది. తుర్రు ముఖం మాడిపోయింది. చిన్నప్పుడు బడిలో వాడికి వాన కొలిచే పని అప్పగిస్తే, రోజూ వెళ్ళి చూడటం బద్ధకమై నెలకి సరిపడా అంకెలు ఒక్క సాయంత్రం కూర్చుని రాసేశాడు. ఎండకి తారు కరిగిన రోజున కూడా వాన కురిపించాడు మహానుభావుడు. అప్పుడు ఇంటిల్లిపాదీ పొట్ట పట్టుకుని నవ్వుకున్నారు. ఇప్పుడు నవ్వడానికి ఎవరికీ నోరు రాలేదు.

"అది చిన్నప్పుడు అక్కా."

"అవును, చిన్నప్పుడే."

"ఒక్కసారి కక్కుర్తి పడితే జీవితాంతం దొంగేనా? వీడెప్పుడూ ఇంతే అని రాసిపెట్టేసుకున్నావా?" వాడు ప్యాంటు మోకాలి దాకా లాగి కాలు చూపించాడు. పిక్క నిండా ఎర్రటి మచ్చలు. "ఇవి వంతెన మీద కూర్చుంటే పట్టాయా? పడవ ఒరిగి నడుం లోతు బురదలో దిగబడ్డాను. సీసాలు నెత్తిమీద పెట్టుకుని ఒడ్డెక్కాను. ఇంటికెళితే ఆ కంపుకి మా ఆవిడ గుమ్మంలోనే ఆపేసింది. ఇంత చేస్తే, ల్యాబులో గడియ పెట్టి నన్ను దొంగని చేస్తావా?"

తక్కెడమ్మకి మచ్చల్ని చూస్తే జాలేస్తోంది, సీసాల్ని తలుచుకుంటే నమ్మబుద్ధి కావడం లేదు. జలగలు చిత్తడిలో ఎక్కడైనా పడతాయి, వంతెన కింద కూడా పడతాయి. వాడే నిజంగా తప్పు చేసి ఉంటే ఇవాళ వాడి ఉద్యోగం పోతుంది. తమ్ముడు కదా అని దాచి సంతకం పెడితే చిత్తడి పోతుంది. ఏం చెయ్యాలో తోచక బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

కుళాయి కట్టేసిన చప్పుడైంది.

"మీరిద్దరూ ఇలా జుట్లు పట్టుకుంటే మధ్యాహ్నం దాకా తేలదు," అంది గాజుపిన్ని చేతులు తుడుచుకుంటూ. "ప్రతి సీసాకీ జోడీ ఒకటి చలిగదిలో దాస్తాం కదా. వాటిని తెచ్చి చూస్తే పోలా?"

"పరీక్ష చేశాం కదా పిన్నీ. మళ్ళీ చేసినా అంతే వస్తుంది."

"పరీక్ష చెయ్యమనలేదు. చూద్దామన్నాను. కళ్ళతో."

ఇక్కడ ఒక చిన్న సంగతి. నీళ్ళకి వెలుతురు తగిలితే పాడవుతాయని ఈ సీసాలన్నీ ముదురు గోధుమరంగు గాజుతో చేస్తారు. పరీక్షప్పుడు నీళ్ళని సీసాలోంచి గొట్టంతో నేరుగా మిషన్లోకి లాగేస్తారు. అందువల్ల ఈ ఆఫీసులో నీళ్ళ గురించి అన్నీ తెలుసు గానీ, నీళ్ళు చూడటానికి ఎలా ఉన్నాయో ఎవరికీ తెలీదు. వినడానికి విడ్డూరంగా ఉంటుంది, కానీ పని అలాగే నడుస్తుంది.

పిన్ని చలిగదిలోంచి రెండు సీసాలు తెచ్చి, రెండు తెల్లటి గాజు గ్లాసుల్లోకి వంచి, వెనకాల తెల్ల కాగితం ఆనించి పెట్టింది.

ముగ్గురూ వంగి చూశారు. ఒక గ్లాసులో నీళ్ళు కుళాయి నీళ్ళంత తేటగా ఉన్నాయి. రెండోదానిలో పల్చటి టీ రంగు ఉంది. చిత్తడిలో కుళ్ళిన ఆకుల సారం దిగితే నీళ్ళకి ఆ రంగు వస్తుంది, మిషన్ దాన్ని మురికి కింద లెక్కెయ్యదు. అంటే రెండోది చిత్తడి అంతా దాటి వంతెన దగ్గరికి వచ్చిన నీరు. మొదటిది చిత్తడి మొహం కూడా చూడకముందు పట్టినది. పడవ ఎక్కకుండా ఆ మొదటి సీసా నింపడం ఎవరి తరమూ కాదు.

తుర్రు మోకాలి దాకా లాగిన ప్యాంటుని కిందికి దించుకున్నాడు.

"తప్పైపోయిందిరా," అంది తక్కెడమ్మ. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నిన్ను అనుమానించకుండా ఉండాల్సింది. నాకు సిగ్గుగా ఉంది."

"ఉండాలి," అన్నాడు వాడు. అని, తలుపు దాకా వెళ్ళి, గడియ మీద చెయ్యి వేసి, వెళ్ళకుండా అక్కడే నిలబడ్డాడు. అలిగాడు, కానీ అక్క ఏడుస్తుంటే వదిలేసి వెళ్ళేంత అలక కాదది.

తక్కెడమ్మ కళ్ళు తుడుచుకుని మళ్ళీ గ్లాసుల వైపు చూసింది. చూస్తూ చూస్తూ ఆగిపోయింది.

"ఒరేయ్, ఈ తేట నీళ్ళు మిల్లు కాలవవేనా?"

"కాక? రంగుల మిల్లు కాలవ చిత్తడిలో కలిసేచోట పట్టాను. నువ్వు చెప్పిన చోటే."

"రంగుల మిల్లు కాలవ ఒకరోజు ఎర్రగా, ఒకరోజు నీలంగా పారుతుంది కదరా. ఇంత తేటగా ఎలా ఉంది?"

"నేనూ అదే అనుకున్నాను. ముక్కుకి గుడ్డ కట్టుకుని వెళితే దాని అవసరమే పడలేదు. మిల్లు గొట్టాలు ఎండిపోయి ఉన్నాయి, పిచ్చుకలు లోపలికి దూరి ఆడుకుంటున్నాయి. ఏటా బాయిలర్లు విప్పి బాగుచేసుకోవడానికి మిల్లు ఆపేస్తారు కదా, ఆ వారం అది."

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వు అడిగావా? నీళ్ళు పట్టుకురమ్మన్నావు, పట్టుకొచ్చాను. ఐదు ప్రాంతాల్లోనూ ఒకే వారం పట్టాలి, వారం దాటితే చెల్లదు, గొంతు మీద కత్తి పెట్టినా తేదీ మార్చకూడదని మా నెత్తిన రుద్దింది ఎవరు? మీ ఆఫీసే కదా!"

తక్కెడమ్మ పక్కనున్న ఎత్తు స్టూలు లాక్కుని కూలబడింది.

ఒకే వారం. ఈ ఆఫీసు గొప్పగా చెప్పుకునే నియమం అది. ఒకచోట వానల్లో, ఇంకోచోట ఎండల్లో కొలిచి పోల్చకూడదని, అందరికీ సమానంగా ఉండాలని పెట్టుకున్నారు. పెట్టుకున్నది న్యాయం కోసమే. పొయ్యి వెలిగించని రోజున వంటింట్లోకి తొంగిచూసి, ఈ ఇంటావిడకి వంట రాదని రాసుకుపోయినట్టు, ఆ న్యాయమే చిత్తడి కొంప ముంచింది. మురికి రాని వారంలో వెళ్ళి, నువ్వు మురికి కడగలేదు కాబట్టి నీకు సున్నా అన్నారు. పప్పులో కాలేసింది తుర్రు కాదు, మొత్తం ఆఫీసు.

"పద," అంది లేచి.

"ఎక్కడికి?"

"మామయ్య గదికి. వరస ఆపించాలి."

ఆఫీసులో ఆయన్ని పెద్దసారు అంటారు. చాటున మాత్రం ఆధారంగారు అంటారు. ఎవరేం చెప్పినా "ఆధారం?" అని అడగనిదే ఊరుకోడు. బయట వాన పడుతోందన్నా కిటికీ దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపి చూసుకునే మనిషి. తక్కెడమ్మకీ తుర్రుకీ మేనమామ. తండ్రి పోయాక ఇద్దరినీ తన ఇంట్లో పెట్టుకుని పెంచాడు. తక్కెడమ్మకి కొలవడం నేర్పింది కూడా ఆయనే. అద్దం గ్లాసులో పాలు పోసి, కంటికి సరిగ్గా ఎదురుగా పెట్టుకుని చూడాలి, పై నుంచి చూస్తే ఎక్కువ కనిపిస్తుంది, కింద నుంచి చూస్తే తక్కువ కనిపిస్తుందని చెప్పాడు. ఆవిడ ఈ ఉద్యోగంలోకి వచ్చింది ఆ పాల గ్లాసు వల్లే అనుకోవచ్చు.

తుర్రుని బయట ఉండమని, ఆమె ఒక్కతే లోపలికి వెళ్ళింది. ఆయన బల్ల మీద పెన్సిళ్ళు వరసగా పేర్చి, బ్లేడుతో ఒక్కొక్కటే చెక్కుకుంటున్నాడు. పెన్సిళ్ళు చెక్కే మిషన్ ఉన్నా ముట్టుకోడు.

"సార్, చిత్తడి కొలత తప్పు," అంది. అని మొత్తం చెప్పింది. టీ రంగు నీళ్ళు, తేట నీళ్ళు, ఎండిన గొట్టాలు, ఆగిపోయిన మిల్లు. మధ్యలో ఊపిరి కూడా తీసుకోలేదు.

"కూర్చో," అన్నాడాయన.

కూర్చుంది. ఆ ఒక్క మాట కోసం ఎదురుచూసింది. ఇప్పుడు అడుగుతారు, చూసినవాళ్ళెవరు, ఎవరు చెప్పారు, రుజువేది అని. అన్నింటికీ జవాబులు నాలుక మీద పెట్టుకుని వచ్చింది.

ఆయన పెన్సిల్ మొన వేలితో తాకి చూసుకున్నాడు. "ఇప్పుడు వారం మార్చలేమమ్మా. మిగతావాళ్ళు ఒప్పుకోరు. ఒక్కరికి రెండోసారి పరీక్ష పెడితే మాకూ పెట్టమంటారు. కావాలంటే వరస కింద చిన్న అక్షరాలతో ఒక గమనిక రాద్దాం."

"చిన్న అక్షరాలు ఎవరు చదువుతారు సార్?"

"ఎవరూ చదవరు," అని ఒప్పుకున్నాడు.

అప్పుడు తట్టింది ఆమెకి.  వాననే నమ్మని మనిషి, మిల్లు ఆగిందన్న మాటని ఇంత తేలిగ్గా ఎలా నమ్మాడు?

"మామయ్యా," అంది. ఆఫీసులో ఆయన ఎదుట ఆ పిలుపు ఎప్పుడూ నోట రానివ్వదు. "ఆధారం అడగలేదేం?"

ఆయన ఇంకో పెన్సిల్ అందుకున్నాడు.

"మీకు ముందే తెలుసు."

బ్లేడు పక్కన పెట్టాడు. "తెలుసు."

"నేను వేరే వారం రాసిస్తే, రెల్లు సరస్సు వాళ్ళకి కుదరదట అని మార్చింది మీరు. మిల్లు ఆపే వారానికే మార్చారు."

"అవును. నేనే మార్చాను."

తక్కెడమ్మకి ఒళ్ళంతా మండిపోయింది. మామూలుగా తూచి మాట్లాడే మనిషి, తూకం గీకం అన్నీ గాలికొదిలేసింది. "ఎందుకు? లారీలవాళ్ళు ఏమన్నా చెప్పారా? ఎవరైనా బెదిరించారా? ఎవరికోసం చేశారు?"

"అంత మాట అనకు. వాళ్ళ ముఖం కూడా నాకు తెలీదు." ఆయన గొంతు పెంచలేదు. "పోయినేడు కాపుదల జోలికి పోకుండా, ఊరికే ప్రయోగానికని కొలిచినప్పుడు ఆఖరున వచ్చింది ఎవరో చెప్పు."

"కొండ అడవి."

"ఎందుకొచ్చింది?"

ఆమె బల్ల మీది పెన్సిళ్ళ వంక చూసింది.

"నేను చెప్పనా? కొండ పైన మిల్లుల్లేవు, పట్నాల్లేవు. పై నుంచి వచ్చే నీళ్ళే శుభ్రం. కడగడానికి మురికే లేనప్పుడు అడవి ఏం కడుగుతుంది? ఒక్క వారం మిల్లు ఆగితే చిత్తడికి అన్యాయం జరిగిందని పరిగెత్తుకొచ్చావు. కొండకి ఆ అన్యాయం ఏడాది పొడుగునా జరుగుతోంది. దానికోసం ఎవరు పరిగెత్తారు? మురికి పోసే మిల్లు పక్కన ఉంటేనే మార్కులు వచ్చే కొలత మనది."

"అయితే కొలత మార్చాలి. వారం మార్చడం ఏమిటి?"

"మార్చమని మంత్రిగారి ఆఫీసుని అడగలేదనుకుంటున్నావా? అడిగాను. ఆ కొండ వాలు కింద ఊళ్ళున్నాయి. చెట్లు కొట్టేస్తే మొదటి పెద్దవానకి వాలు మొత్తం జారి ఇళ్ళ మీద పడుతుంది. అడవి చేసే అసలు మేలు అది, మట్టిని పట్టుకోవడం. పట్టికలో దానికీ ఒక గడి పెట్టండి అన్నాను. నీళ్ళ సంగతి మాత్రమే చెప్పమన్నారు. మళ్ళీ అడిగితే మిమ్మల్ని అడిగింది చెప్పండి చాలన్నారు. ఐదింటికీ వరస కావాలి, అంతే. వరస అంటే ఆఖరు ఒకటి ఉండి తీరుతుంది కదా? ఎవరినో ఒకరిని అక్కడ నిలబెట్టాలి."

"అందుకని చిత్తడిని నిలబెట్టారు."

"చిత్తడి పోతే పట్నానికి నీళ్ళు శుభ్రం చేసే ప్లాంటు కట్టుకోవచ్చు. కొండ జారితే ఏం కట్టి నిలబెడతావు?"

"ప్లాంటు కట్టేదాకా వాళ్ళేం తాగుతారు మామయ్యా? ఆ రంగు నీళ్ళు చంటిపిల్లలకి పట్టిస్తారా? ఎవరు బతకాలో ఎవరు పోవాలో పెన్సిళ్ళు చెక్కుకుంటూ మీరొక్కరే తేల్చేస్తారా? పై నుంచి చూస్తే ఎక్కువ, కింద నుంచి చూస్తే తక్కువ అని నేర్పింది మీరే కదా!"

ఆయన ముఖం మొదటిసారి చెదిరింది. కిటికీ వైపు తిరిగాడు. కింద కార్లు ఒక్కొక్కటే వచ్చి ఆగుతున్నాయి. సమావేశానికి వచ్చేవాళ్ళు దిగుతున్నారు.

"ఒక్కటి చెప్పండి," అంది తక్కెడమ్మ, ఇంక ఆపుకోలేక. "ఇంత చేసినవాళ్ళు సంతకం కూడా మీరే పెట్టుకోవచ్చుగా. నాతో ఎందుకు?"

ఆయన కిటికీ వైపు నుంచి తిరగకుండానే జవాబు చెప్పాడు. గొంతు బాగా తగ్గిపోయింది.

"నీ సంతకం కింద ఉంటే ఎవరూ అనుమానించరు."

అన్నింటికన్నా ఆ మాటే తగిలింది. ఇన్నాళ్ళూ ఒక్క అంకె అటూ ఇటూ కానివ్వకుండా సంపాదించుకున్న నమ్మకాన్ని, అడగకుండా తీసి వాడేసుకున్నాడు. పైగా ఆ సీసాల వల్ల కాసేపటి క్రితం సొంత తమ్ముణ్ణి దొంగంది. తండ్రి తరవాత తండ్రి అనుకున్న మనిషి. ఏడుపు వస్తోంది గానీ ఈయన ముందు ఏడవకూడదని పళ్ళు బిగించుకుని లేచింది.

"నిన్ను ఆపను," అన్నాడాయన వెనక నుంచి. "అందరి ముందూ చెప్పు. నేనే చేశానని కూడా చెప్పు, కాదనను. కానీ తల్లీ, చిత్తడిని పైకి లేపితే దాని చోట్లోకి ఎవరు పడతారో ఒక్కసారి తలుచుకుని చెప్పు."

ఆమె తలుపు తెరిచింది. తుర్రు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆ తలుపు పల్చటిది, వాడి ముఖం చూస్తేనే అంతా విన్నాడని తెలిసిపోతోంది.

"అక్కా, ఏం చేస్తావు?"

"తెలీదురా."

ఆమె నోట ఆ మాట వాడెప్పుడూ విని ఎరగడు. ఇంకేం అడగకుండా పక్కన నడిచాడు.

సమావేశం గదిలో పొడుగాటి బల్ల చుట్టూ కుర్చీలు అప్పటికే నిండిపోయాయి. ఎవరి ముందు వాళ్ళ ప్రాంతం పేరు రాసిన అట్టముక్క పెట్టారు. తక్కెడమ్మ ఎక్కడ కూర్చోవాలా అని చూస్తుంటే, ఒక పెద్దావిడ పక్క కుర్చీలోంచి తన సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"రా తల్లీ, ఇలా కూర్చో. పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నట్టున్నావు, ముఖం పీక్కుపోయింది."

కూర్చున్నాక చూసుకుంది, ఆవిడ ముందున్న అట్టముక్క మీద కొండ ప్రాంతం అని ఉంది.

"ఈసారి మేం గట్టెక్కేశామటగా?" అంది ఆవిడ గుసగుసగా, ఆనందం పట్టలేక. "బయట చెప్పుకుంటున్నారు. పోయినేడు మేమే ఆఖరని తెలిసినప్పటి నుంచీ మా కోడలు వాన మొదలైతే పిల్లల్ని ఎత్తుకుని చుట్టాలింటికి పోతోంది. వాలు కిందే కదా ఇల్లు. ఇంకా చెట్లు కొట్టనేలేదు, అప్పుడే భయం. ఇంటికెళ్ళి ఆ పిచ్చిదానికి చెప్పాలి, ఇక నిద్రపోవే అని." ఆవిడ తక్కెడమ్మ చెయ్యి పట్టుకుని నొక్కింది. "కొలిచింది నువ్వేనటగా? చల్లగా ఉండు."

తక్కెడమ్మ చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయింది, అలా ఉంచనూ లేకపోయింది. బల్ల అవతలి కొసన మామయ్య వచ్చి కూర్చున్నాడు. ఆమె వైపు చూడలేదు.

అధ్యక్షత వహించే ఆవిడ గడియారం చూసుకునే రకం. నాలుగు మాటల్లో పలకరింపులు ముగించి వరస ఉన్న కాగితాన్ని బల్ల మీదుగా తక్కెడమ్మ వైపు జరిపింది. "సంతకం చేస్తే పంపించేద్దాం. మంత్రిగారి ఆఫీసు వాళ్ళు ఎదురుచూస్తున్నారు."

కలం చేతిలోకి తీసుకుంది. చూపు తలుపు దగ్గరున్న తుర్రు మీదికి పోయింది.  ఆ పక్కనే కిటికీలోంచి దిగువ పట్నం మీది నీళ్ళ ట్యాంకులు కనిపిస్తున్నాయి.

కలం కింద పెట్టేసింది.

"నేను సంతకం చెయ్యను. చిత్తడి కొలత తప్పు."

గదిలో కలకలం పుట్టింది. ఆమె లేచి నిలబడి, ఎంత చెప్పాలో అంతే చెప్పింది. మిల్లు ఆగిన వారంలో కొలిచామని, మురికి రాని చోట మురికి కడగలేదని సున్నా వేశామని, మిల్లు నడిచేటప్పుడు చిత్తడి లేకపోతే పట్నం రంగునీళ్ళు తాగాల్సి వస్తుందని. వారం ఎవరు నిర్ణయించారని ఎవరో అరిచారు. ఆమె నోరు తెరిచేలోగా అవతలి కొసన కుర్చీ వెనక్కి జరిగింది.

"నేను," అన్నాడు మామయ్య లేచి. "ఆ అమ్మాయికి ఇవాళ పొద్దుటిదాకా తెలీదు."

ఒక్కసారిగా అందరూ ఆయన మీద పడ్డారు. అధ్యక్షురాలు బల్ల మీద అరచేత్తో చరిచి గానీ గది అణగలేదు.

"ఆయన సంగతి తరవాత చూద్దాం," అందావిడ. "చిత్తడిని ఈ వరసలోంచి తీసేస్తున్నాం. మళ్ళీ కొలుద్దురుగాని. కానీ వరస మాత్రం ఇవాళే వెళ్ళాలి, అందులో మార్పు లేదు." తక్కెడమ్మ వైపు తిరిగింది. "ఈ గదిలో మేం నమ్మే మనిషివి ఇక నువ్వొక్కదానివే అమ్మాయ్. మిగిలిన నాలుగింటిలో ఆఖరు ఎవరు?"

తక్కెడమ్మ పక్కకి చూడలేదు. పక్కనున్న పెద్దావిడ ముఖంలో ఇంకా నవ్వు ఉంది. జవాబు సరిగ్గా వినపడాలని ఆవిడ ఆమె వైపు కాస్త వంగింది.